నడుమెత్తు నేల

ఇరవై తొమ్మిదేళ్ళు నేను కిందికే తవ్వాను.
వెల్కోమ్ గనుల్లో, నుదుటికి దీపం కట్టుకుని,
ఎవరి బంగారమో, ఎవరి కోసమో.
జీతంతో పాటు ఇంటికి తెచ్చుకున్నది
ఈ దగ్గు ఒక్కటే.

అందుకే మాలిసెబో నా గుమ్మంలో నిలబడి
"మొహాపీ, నేనిక వంగలేను,
నేలనే కాస్త పైకి లేపి పెట్టు" అన్నప్పుడు
నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది.
దగ్గు ఆగేసరికి ఒప్పేసుకుని ఉన్నాను.

రాళ్ళకు కొదవేముంది మలోటి కొండల్లో,
దేవుడు మా వాటాకి పంచింది అవే గదా.
ఆమె మనవడు కాబెలో గాడిద మీద మోసుకొచ్చాడు.
గుండ్రంగా, బావి ఒరలా, నడుమెత్తు గోడ;
ఒక పక్క మాత్రం తాళంచెవి దూరే కంతలా
మనిషి లోపలికి అడుగేసే సందు.
నట్టనడుమ కర్రలూ గడ్డీ అల్లిన నిలువు బుట్ట.

అడుగున ఏం పోశామో చెబితే నమ్మరు:
తుప్పు పట్టిన చేపల డబ్బాలు, గొర్రె ఎముకలు,
పొయ్యి బూడిద, ఎండిన కలబంద మట్టలు,
చిరిగిన కోటు ఒకటి, ఆమె మొగుడిది.
"అది ఉంచుకోవే" అన్నాను.
"ఉన్ని కదా, బాగా కుళ్ళుతుంది" అంది.
ఆ పైన పేడ, ఆ పైన మట్టి,
మళ్ళీ బూడిద, మళ్ళీ మట్టి.
పొరలు పొరలుగా తవ్విన చేతులే
పొరలు పొరలుగా నింపాయి.

ఆగస్టు గాలి దుమ్ము కొడుతుండగా విత్తింది
బీట్‌రూట్, క్యారెట్, పాలకూర, ఆవాకు,
గోడ వారన పురుగు రాకుండా వెల్లుల్లి.
ఆ మడికి వేరే నీళ్ళు లేవు.
మొహం కడిగిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు,
కాబెలో చొక్కా మురికి విడిచిన నీళ్ళు,
అన్నీ ఆ బుట్ట నోట్లోకే.
ఇల్లంతా వాడి వదిలింది తాగి
ఆకులు అంత పచ్చగా ఎలా ఉంటాయో
నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆమె కోసే తీరు చూడాలి.
మొక్కను పీకదు. చుట్టూ నడుస్తూ
బయటి ఆకు ఇక్కడొకటి, అక్కడొకటి,
పెద్ద కుటుంబంలో చేబదులు అడిగినట్టు,
ఎవరికీ మరీ భారం కాకుండా.
లోపలి చిగురు జోలికి పోదు.
"అది గురువారానిది" అంటుంది.

డిసెంబరులో ఓ మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి.
కోడిగుడ్డంత కాదు, అబద్ధమెందుకు,
పీచ్ పండు టెంకంత.
రేకుల కప్పు మీద వెయ్యి గుర్రాలు.
గనిలో పైకప్పు కూలిన రోజు కూడా
నేనంత వణకలేదు.
ఆగాక పరిగెత్తాను, పరిగెత్తగలిగినంత.
ఆకు అన్నది మిగల్లేదు.
ఈనెలు, పీలికలు, గోడ మీద తెల్లటి గడ్డలు.
ఏమనాలో తెలీక టోపీ తీసి నిలబడ్డాను.

మాలిసెబో వచ్చింది, భుజాన దుప్పటి సర్దుకుంటూ.
చుట్టూ ఒకసారి తిరిగింది.
ఒక పీలిక తీసి నోట్లో వేసుకుంది.
"తరిగే పని తప్పింది" అంది.
"గిన్నె పట్టుకురా,
మంచు కరిగి మట్టి అంటకముందే ఏరుదాం."

ఆ రాత్రి జొన్న సంకటీ, ఆ కూరా.
ఉప్పు కాస్త ఎక్కువైంది, చెప్పలేదు.
తర్వాతి వారం మోళ్ళలోంచి
మేకపిల్ల చెవుల్లా చిగుళ్ళు లేచాయి.
మట్టిలో చెయ్యి పెట్టి క్యారెట్ ఒకటి లాగాను:
వంకర, రెండు కాళ్ళది,
గని దీపం రంగుది.
చొక్కాకి తుడిచి, విరిచి, సగం ఆమెకిచ్చాను.

భూమిలోంచి నేను పైకి తీసింది
నేనే తినడం అదే మొదలు.

నములుతూ చూశాను,
పక్కింటి మేక గట్టు మీంచి మెడ చాస్తోంది.
గోడ ఇంకో రెండు రాళ్ళు లేపాలి.